అత్తగారు, కుక్క, జారే గచ్చు

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. ఇంట్లో లాబ్రడార్ ఉంది. నునుపు టైల్స్ మీద జారుతోంది. వానాకాలం వస్తే హాలంతా మూత్రం వాసన. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు కుక్కను ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. మావారేమో ఉడ్ లామినేట్ వేయిద్దామంటున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.

జవాబు: అమ్మా, వాసన నిజం, పడిపోతానన్న మీ అత్తగారి భయమూ నిజమే. ఆ వయసులో ఒక్కసారి జారితే తుంటి ఎముకకే ముప్పు. ముందు ఆ మాట ఆవిడ దగ్గర ఒప్పుకోండి, కుక్క ఊసు తర్వాత.

విట్రిఫైడ్ టైల్ 0.5 శాతానికి మించి నీరు పీల్చదు. పీల్చేదంతా సందుల్లోని తెల్ల సిమెంటే. అందులో ఇంకిన మూత్రం ఎండిపోయినా దాని అవశేషాలు మిగిలిపోతాయి, మన సముద్రపు తేమ తగలగానే వాసన మళ్లీ లేస్తుంది. ఫినాయిల్ దాన్ని కప్పుతుందంతే. మూత్రపు అవశేషాలను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా వదిలేయాలి. వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ.

లామినేట్ మాత్రం వద్దని మీవారికి గట్టిగా చెప్పండి. లోపలుండేది నొక్కిన చెక్కపొడి. అతుకుల్లోంచి తడి దిగితే అంచులు ఉబ్బిపోతాయి, మళ్లీ చదునవ్వవు.

మార్చే స్తోమత ఉంటే ఆర్10 రకం (‘ఆర్’ అంకె జారకుండా పట్టే గుణానికి కొలత) మ్యాట్ విట్రిఫైడ్ వేయించండి. 2 మిల్లీమీటర్ల సందు వదిలి ఎపాక్సీ గ్రౌట్ (నీరు దాదాపు పీల్చని రెసిన్ పూత) నింపమనండి. మరీ గరుకుదైతే బొచ్చు పట్టుకుంటుంది, తుడవడం నరకం. నమూనా పలక తడిపి, దాని మీద అత్తగారినే అరికాలు రాసి చూడమనండి. రంగు ఎంపికా ఆవిడకే వదిలేయండి.

ఇప్పటికి డబ్బు కుదరకపోతే టైల్స్ ఉంచి సందులు మార్చండి. ముందు నాణెంతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన పలక కిందికి మూత్రం దిగి ఉండొచ్చు, దాన్ని ఊడదీయించడం మేలు. మిగతా చోట్ల పాత సిమెంటు మూడింట రెండొంతుల లోతు గీకించి, దుమ్ము తీసి, పూర్తిగా ఆరనివ్వండి. ఎపాక్సీ కొద్దికొద్దిగా కలపాలి, త్వరగా గట్టిపడుతుంది. పలక మీద పడింది అప్పటికప్పుడే తుడవకపోతే పొరలా అతుక్కుపోతుంది. అత్తగారి గది నుంచి బాత్రూం దాకా అడుగున రబ్బరున్న పట్టా పరవండి.

కుక్క గోళ్లు, పాదాల మధ్య బొచ్చు కత్తిరిస్తే జారడం చాలా తగ్గుతుంది. ఇంట్లో పోయడం ఈమధ్యే మొదలైతే పశువైద్యుడికి చూపించండి, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. అత్తగారి గది గుమ్మానికి చిన్న గేటు పెట్టించండి. ఆవిడ పిలిస్తేనే కుక్క లోపలికి వెళ్లాలి.