బడి నియమాల కాగితం అచ్చుకిచ్చే ముందు

అమ్మలూ,

హైదరాబాదు ఉద్యోగం మానేశావనీ, జూన్ నుంచి మన తాతగారి మండువా ఇంట్లో అయిదో తరగతి దాకా చిన్న బడి పెడుతున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల బడి పెడుతోందంటే మా నాన్నగారు బతికుండగా అయితే ఊరంతా తిరిగి చెప్పుకునేవారు. నాకూ ఆ గర్వం ఉంది. కానీ ఆ ఇంటి పెరటి వెనకే పంటకాలువ ఉందన్న సంగతి గుర్తొచ్చి గుండె దడదడలాడింది. పాఠం చెప్పడం నీకు బాగా వచ్చు. సాయంత్రం గేటు తెరిచినప్పుడు ఏ బిడ్డ ఎవరి చేయి పట్టుకుని వెళుతోందో కనిపెట్టడం మాత్రం వేరే విద్య. బీఈడీలో అది నేర్పరు.

నువ్వు పంపిన తల్లిదండ్రుల నియమావళి చదివాను. హైదరాబాదులో నువ్వు పనిచేసిన చోటి కాగితాన్నే కాస్త మార్చి రాశావని తెలుస్తూనే ఉంది. ఎర్ర సిరాతో చాలాచోట్ల కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. వస్తువులు పోతే యాజమాన్యం బాధ్యత వహించదు, బడి వేళ దాటితే బాధ్యత వహించదు, ఆటోలో వెళ్లే పిల్లలకు బాధ్యత వహించదు. నాలుగు పేజీలూ ఇదే పాట. ఈ కాగితాన్ని ఒక తల్లి చదువుతుందమ్మా. తన బిడ్డ ఈ గంటలో ఎక్కడ ఉంటాడు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఏదైనా జరిగితే తనకు ఎవరు కబురు చేస్తారు అని ఆమె వెతుక్కుంటుంది. వీటిలో ఒక్కదానికీ నీ కాగితంలో జవాబు లేదు.

తెలిసిన సంగతులు ముందు తొందరగా చెప్పేస్తాను. బడికి ప్రభుత్వ గుర్తింపు చేతికి రాకుండా ఒక్క బిడ్డనూ చేర్చుకోకు. విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. సంక్రాంతి, దసరా సెలవులు, మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యే తేదీ అన్నీ కలిపి ఒక కేలండర్ చేయించి ఇంటింటికీ ఇవ్వు. చేర్చుకునేటప్పుడు పిల్లకు పరీక్ష, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెట్టకూడదు, చట్టం ఒప్పుకోదు. ఆధార్ లేదని వెనక్కి పంపకూడదు, 2018లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఆ చట్టం పేదింటి పిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లలో చేరిన పిల్లలకు వేరే బెంచీ, వేరే రంగు డైరీ ఉన్నాయని విన్నానంటే నేనే వచ్చి ఆ డైరీలు చింపేస్తాను. పెరట్లో ఆకుల పందిరి వేసి తరగతి నడుపుతానన్నావు. వద్దు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో బడి వంటశాలలో అంటుకున్న నిప్పు ఆకుల కప్పుకు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. ఎండ ఎక్కువైతే వసారాలో కూర్చోబెట్టు.

అడ్మిషన్ రిజిస్టర్ దగ్గర మాత్రం తొందరపడకు. మా కాలంలో మాస్టారు తోచిన తేదీ వేసేవారు, అందుకే మా తరంలో సగం మందికి జూన్, జులైల్లోనే పుట్టినరోజులు. ఇంటిపేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ జనన ధ్రువపత్రంలో చూసి రాయి. ఒక్కొక్క అక్షరం పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం పెట్టించు. ఇక్కడ పొరపడిన అక్షరం పదో తరగతి సర్టిఫికెట్ దాకా వెళుతుంది. దాన్ని మార్చుకోవడానికి ఒక తండ్రి ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో నేను చూశాను.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1996 నవంబరు 6 తుపాను మన కోనసీమను ఏం చేసిందో మీ నాన్న చెప్పే ఉంటాడు. తోటలకు తోటలే నేలకొరిగాయి. ఆ తర్వాత కొన్నేళ్లు రేడియోలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, ఊళ్లు వణికిపోయేవి. నేనప్పుడు ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి చెబుతున్నాను. ఒక ఏడు సరిగ్గా సార్వా, అంటే మొదటి పంట, కోతలప్పుడు తుపాను హెచ్చరిక వచ్చింది. గాలి మొదలుకాకముందే పిల్లలు ఇళ్లకు చేరితే మంచిదని యాజమాన్యం పన్నెండింటికి లాంగ్ బెల్ కొట్టించింది. పిల్లలు కేరింతలు కొడుతూ పరుగెత్తారు. పావుగంటలో బడి ఖాళీ అయిపోయింది, గేటుకు తాళం పడింది.

ఆ ఇళ్లలో ఎవరున్నారని ఎవరూ ఆలోచించలేదు. కోసిన పనలు పొలంలో తడిసిపోతాయని ఆ రోజు ఊళ్లో ఆడా మగా అందరూ చేలల్లోనే ఉన్నారు. తుపాను కబురు వచ్చిన రోజు ఇళ్లన్నీ తాళాలు వేసి ఉంటాయన్నది పొలం పని చేసేవాళ్లందరికీ తెలుసు. రెండో తరగతి పిల్లవాడు ఒకడు ఇంటికి వెళ్లాడు. తాళం. పక్కింటికి వెళ్లాడు. అక్కడా తాళం. అమ్మ ఏ చేనుకు వెళ్లిందో వాడికి తెలుసు. సంచీ భుజాన వేసుకుని కాలువ గట్టు పట్టాడు.

తల్లి రోజూలాగే నాలుగింటికి బడి దగ్గరికి వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి, చేతుల నిండా గడ్డి గీరలు. గేటుకు తాళం. ఎదురింటివాళ్లు మధ్యాహ్నమే వదిలేశారని చెప్పారు. ఆమె అక్కడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి చేనుకు పరుగెత్తింది. అప్పటికే వాన మొదలైంది. చీకటి పడే వేళకు సగం ఊరు లాంతర్లతో గట్టు మీద ఉంది. నేనూ ఉన్నాను. కాలువలో కొబ్బరి మట్ట కొట్టుకువస్తే చాలు, అందరూ ఒక్కసారి ఊపిరి బిగపట్టేవాళ్లు. ఆమె మాత్రం నీళ్ల వైపు చూడలేదు. గట్టు మీదే చూస్తూ పేరు పెట్టి పిలుస్తూ నడిచింది.

కాలువ లాకుల దగ్గర దొరికాడు. దారి తప్పి ఏడుస్తున్నవాణ్ణి లాకులు కాసే లస్కరు చూసి తన గదిలో కూర్చోబెట్టి, అన్నం పెట్టి, పొడి తువ్వాలు కప్పాడు. అక్కడ ఫోన్ లేదు. వాన కురుస్తుంటే లాకులు వదిలి రావడానికి అతనికి వీలు కాలేదు. ఆ లస్కరు చల్లగా ఉండాలి. ఆమె ఎవరినీ తిట్టలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని నావైపు తిరిగి, నాలుగింటి దాకా బడిలోనే ఉంటాడని కదమ్మా నేను నిశ్చింతగా పనికి వెళ్లింది అంది.

మూడు రోజుల తర్వాత బడి తెరిచారు. నోటీసు బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. వాతావరణం వల్ల బడి ముందుగా వదిలితే ఆపై యాజమాన్యం బాధ్యత వహించదు అని. నీ మూడో పేజీలో ఆ వాక్యమే ఉంది, ఇంచుమించు అవే మాటలు. చదువుతుంటే నాకు చేతులు వణికాయి. దాన్ని పూర్తిగా కొట్టేసి పక్కన నేను రాసినది చూడు. చెప్పిన వేళకంటే ముందు ఏ బిడ్డా గేటు దాటదు. ముందుగా మూయవలసి వస్తే ప్రతి ఇంటికీ ఫోన్ చేస్తాం. చివరి బిడ్డను తీసుకువెళ్లే మనిషి వచ్చేదాకా ఒక టీచరు, ఆయా బడిలోనే ఉంటారు. ఇది మొదటి పేజీలో పైన ఉండాలి. ఒక్కో బిడ్డకు రెండు ఫోన్ నంబర్లు సరిపోవు. ఇంటి దగ్గరి కిరాణా కొట్టువాళ్లదో, పక్కింటివాళ్లదో మూడో నంబరు తీసుకో. వానాకాలం మొదలవగానే అన్నీ ఒకసారి మోగించి చూడు. పెరటి గోడ మనిషెత్తు లేపించు, తలుపు తాళం ఆయమ్మ కొంగుకు ఉండాలి. గోడకు డబ్బు చాలకపోతే నాకు చెప్పు, మీ నాన్నకు చెప్పకు.

ఇక గేటు సంగతి. తల్లి లేదా తండ్రి మాత్రమే రావాలి అని రాశావు. అమ్మలూ, మన ఊరి సంగతి మరిచిపోయావా? ఎంతమంది తల్లులు కువైట్‌లో, దుబాయ్‌లో ఉన్నారు! పిల్లల్ని అమ్మమ్మలు, నాయనమ్మలు పెంచుతున్నారు. ఎవరెవరికి అప్పగించవచ్చో ఇంటివాళ్లే ఇద్దరు ముగ్గురి పేర్లు రాసి, ఫొటోలు ఇవ్వాలని పెట్టు. కొత్త మనిషి వస్తే ఇంటికి ఫోన్ చేశాకే పంపు. వచ్చినవాడు నేను మేనమామనండీ అని ఎంత గట్టిగా అరిచినా సరే. భార్యాభర్తలు విడిగా ఉన్న ఇల్లయితే ముందే విడిగా కూర్చోబెట్టి, కోర్టు కాగితం ఏదైనా ఉందేమో అడుగు. సిగ్గుపడకు, వాళ్లకూ అది మేలే. నోటీసులు వాట్సాప్‌లో రాసి ఊరుకోకు. చదువురాని నాయనమ్మకు నీ గొంతుతో రికార్డు చేసి పంపు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ శుక్రవారం సెలవు. తల్లుల మీటింగుకు వేళ పెట్టేటప్పుడు ఆ లెక్క కూడా చూడు.

ఆటోవాళ్ల పేర్లు, లైసెన్సు, ఎవరి ఆటోలో ఏ పిల్లలు ఎక్కుతారో ఒక పుస్తకంలో ఉండాలి. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైలు గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొన్నది. మన ఊరికి రైలు లేదు కానీ కాలువ వంతెన ఉంది, దానికి పిట్టగోడ లేదు. డ్రైవరు పక్కన ఒక్క పిల్లను కూడా కూర్చోబెట్టవద్దని నువ్వే గేటు దగ్గర నిలబడి చెప్పు.

జబ్బుల విషయం. జ్వరంతో పిల్లను పంపవద్దని రాశావు, బాగుంది. అమ్మవారు పోసినప్పుడు మూడో స్నానమో అయిదో స్నానమో అయిందని మనవాళ్లు పంపేస్తారు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఇంట్లోనే ఉంచాలని చెప్పు. వేపాకు స్నానం గురించి వాళ్లతో వాదించకు. ఇంటి నుంచి రాసిన చీటీ, మందు పేరు, ఎంత వేయాలో లేకుండా ఒక్క మాత్ర కూడా వేయకు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్రలు వేసే ముందురోజే ఇళ్లకు చెప్పు. మూర్ఛ వచ్చే పిల్ల ఉంటే అందరూ తెలుసుకోవలసింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం. తాళాల గుత్తి చేతిలో పెట్టే అలవాటు మీ ఆయమ్మకు కూడా ఉంటుంది, మాన్పించు.

ఫీజు కట్టకపోతే పరీక్ష రాయనివ్వం అన్న వాక్యం చూసి నిజంగా కోపం వచ్చింది. ఎవరి మనవరాలివి నువ్వు? ఊళ్లో డబ్బు ఆడేది సార్వా ధాన్యం అమ్మాక, రెండో పంట దాళ్వా అయ్యాక, కొబ్బరి దింపు తీసినప్పుడు. నీ వాయిదాలు ఆ వేళలకు పెట్టు. ఫీజు మాట పిల్లల డైరీలో రాయకు, తరగతిలో ఎత్తకు. పెద్దవాళ్లను సాయంత్రం పిలిచి కుర్చీ వేసి మాట్లాడు. సర్కారు బడికి మారతామని ఎవరైనా అంటే టీసీ వెంటనే ఇవ్వాలని చట్టం, బాకీ ఉన్నా సరే. నువ్వు అప్పులపాలవుతావేమోనని భయం నాకూ ఉంది. అందుకే మొదటి ఏడాది ముప్పై మందిని దాటనివ్వకు.

తగిన శిక్ష అన్న మాట కూడా తీసేశాను. కొట్టి చెప్పండి మేడం, మేమేమీ అనుకోం అని తండ్రులే వచ్చి అంటారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరాన్నీ మనసునూ హింసించే ఏ శిక్షనూ ఒప్పుకోదు. ఎండలో నిలబెట్టడం, పేరు బోర్డు మీద రాయడం కూడా అందులోకే వస్తాయి. ఇక, ఏ బిడ్డనైనా ఎవరైనా చెడుగా ముట్టుకున్నారని తెలిస్తే ఇంటి పరువు, బడి పరువు అని ఆగకు. పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వాళ్లకు కనబడే ఎత్తులో గోడ మీద రాయించు.

దిద్దిన కాగితం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. రెండు పేజీలకు కుదించి, పెద్ద అక్షరాల్లో, తెలుగులోనే వేయించు. అచ్చుకిచ్చే ముందు మన వీధి చివరి నాయనమ్మ ఎవరికైనా చదివి వినిపించు. ఆవిడకు అర్థం కాని వాక్యం కింద గీత గీసి నాకు పంపు. మే నెలలో వస్తాను. గోడ ఎంత లేచిందో చూడాలి, అడ్మిషన్ రిజిస్టర్‌కు గీతలు కూడా నేనే కొడతాను. వేళకు తిను. ఆ స్కూటరు మీద గట్టు దారిన రాత్రిపూట తిరగకు.

ఆశీస్సులతో,
మీ మేనత్త