మన శ్రుతే, వాళ్ళ ఫిడేలు

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి టామీ జారెల్ అనే ముసలాయన ఫిడేలు రికార్డింగు పంపి, "విను, అద్భుతం" అన్నాడు. నాకైతే ఒకటే గీకుడులా వినిపించింది. ఈయన పెద్ద కచేరీలు చేసినవాడా? మన వయొలిన్‌కీ ఆ ఫిడేలుకీ తేడా ఏమిటి? – ఒక పాఠకురాలు, తుని

జవాబు: గీకుడే అన్నాన్నేనూ, మొదటిసారి. మర్నాడు నా వయొలిన్ తీసి ఆయన వెంట వాయించబోతే గానీ అసలు సంగతి తెలియలేదు. పాశ్చాత్యుల మామూలు శ్రుతి, నాలుగు తీగలకీ వరసగా, జి-డి-ఎ-ఇ అనే స్వరాలు. ఈ జారెల్ పుట్టిన అమెరికా కొండప్రాంతం వాళ్ళు కొన్ని పాటలకి బిరడాలు తిప్పి ఎ-ఇ-ఎ-ఇ చేసుకుంటారు. అంటే ఏమిటమ్మా? మన స-ప-స-ప! ఒక తీగ మీద పాట నడుస్తుంటే పక్క తీగ తంబురాలా మోగుతూనే ఉంటుంది. మీకు గీకుడనిపించింది అదే.

వాద్యం ఒకటే. మన పెద్దవాళ్ళకీ అది ఫిడేలే కదా, ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని 'ఫిడేలు నాయుడుగారు' అనే పిలిచేవారు. తేడా చాలావరకు కుడిచేతిలో ఉంది. మనం కమాను సాగదీసి గమకం పలికిస్తాం. వాళ్ళు పొట్టి పొట్టిగా ఊపుతారు, డాన్సు చేసేవాళ్ళ కాళ్ళ కోసం.

ఇక కచేరీలంటారా, ఆయన బతుకుతెరువు అది కాదు. 1901లో నార్త్ కరొలైనాలోని రౌండ్ పీక్ దగ్గర పుట్టాడు. తండ్రి బెన్ జారెల్ 1927లోనే గ్రామఫోను రికార్డులిచ్చిన ఫిడేలు విద్వాంసుడు. కొడుకేమో రాష్ట్ర హైవే శాఖలో మోటార్ గ్రేడర్ (రోడ్డు చదునుచేసే బండి) నడిపాడు, సుమారు నలభై ఏళ్ళు! రిటైరయ్యింది 1966లో. పేరొచ్చింది ఆ తర్వాతే. టోస్ట్ అనే ఊళ్ళో (నిజంగానే ఊరి పేరు!) ఆయన ఇంటికి ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వచ్చేవారు. స్వరాల కాగితం లేదు. ఎదురుగా కూర్చోబెట్టి వాయించేవాడు, వాళ్ళు చూసి, విని పట్టుకోవాలి. ఇది నాకు భలే నచ్చింది, మా గురువుగారూ నోట్సు రాసుకోనిచ్చేవారు కాదు.

1982లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకి నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ మొదలుపెడితే, ఆ తొలి జాబితాలోనే ఈయన పేరుంది. 1985లో పోయాడు.

ఇంకోసారి వినండమ్మా. ఈసారి పాటని వదిలేసి, కింద మోగే తీగ మీద చెవి పెట్టండి.