చీరాల-పేరాల ఉద్యమం ఓడిపోయింది కదా, మరి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యని అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

ఓడిపోయిందన్న మాట నిజమే. పన్ను భరించలేమని జనం వద్దన్న మునిసిపాలిటీ రద్దు కాలేదు, దుగ్గిరాల నడిపిన ఆ పోరాటం ఆగిపోయింది. ఊరొదిలి వెళ్ళినవాళ్ళు దాదాపు పదకొండు నెలలు పాకల్లో ఉండి, తిరిగి ఇళ్ళకి వచ్చేశారు. అయితే మా అమ్మ తరఫువాళ్ళది పేరాలలో మగ్గం ఉన్న ఇల్లు. అమ్మమ్మ అప్పటికి ఐదారేళ్ళ పిల్ల, ఆ పాకల్లో ఉన్న మనిషి. ఆవిడ నోట విన్నదీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెబుతాను.

అప్పటిదాకా యూనియన్‌గా, అంటే పంచాయతీలాంటి చిన్న పాలన కింద ఉన్న చీరాల, పేరాలను మద్రాసు ప్రభుత్వం 1919-20 ప్రాంతంలో మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేల రూపాయల దగ్గరుండే పన్ను నలభై వేల దాకా పోయిందని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఊరు చూస్తే ఇసుక నేల, సముద్రం దగ్గర్లోనే. కాస్త తవ్వితే మంచినీళ్ళు పడతాయి. జనంలో ఎక్కువమంది నేతపని వాళ్ళు, చిన్న బేరగాళ్ళు. ఈ మునిసిపాలిటీ సౌకర్యాలు మేం అడిగామా అన్నది వాళ్ళ మాట. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేస్తే ప్రభుత్వం జీతమిచ్చి ఒక ఛైర్మన్‌ని కూర్చోబెట్టింది. పన్ను కట్టని కొందరిని జైల్లో పెట్టారు. వాళ్ళలో రావూరి అలమేలుమంగమ్మ గారు కూడా ఉన్నారు. రాజకీయ కారణంతో జైలుకెళ్ళిన తొలి తెలుగు ఆడవాళ్ళలో ఆవిడ పేరు చెబుతారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. లక్షల్లో వచ్చిన జనాన్ని అదుపులో పెట్టింది దుగ్గిరాల తయారుచేసిన రామదండు వాలంటీర్లే. ఆ వెంటనే ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు: పన్ను కట్టకుండా, చెయ్యెత్తకుండా వచ్చే శిక్షలు భరించడం ఒకటి. ఊరే ఖాళీ చేసి మునిసిపల్ హద్దు దాటి పోవడం రెండోది. ఏది చేసినా మీ బలం మీదే చేయాలి, కాంగ్రెస్ మీద ఆధారపడొద్దని కూడా అన్నారు.

దుగ్గిరాల రెండోదే పట్టుకున్నారు. నా లెక్కలో ఆయన గొప్పతనం ఇక్కడే ఉంది. ఎడింబరోలో అర్థశాస్త్రం చదివిన మనిషి ఆయన. మునిసిపాలిటీకి గీత ఉంది, ఆ గీత అవతల పన్ను లేదు. పన్ను కట్టనని ఇంట్లోనే కూర్చుంటే రోజూ జప్తు కోసం వాకిట్లోకి మనుషులొస్తారు, బిందెలూ చెంబులూ పట్టుకుపోతారు, ఏదో ఒక రోజు ఎవడో ఒకడు కర్ర తీస్తాడు. ఇంట్లో మనిషే లేకపోతే ఎవరి మీద దౌర్జన్యం చేస్తారు, ఎవరికి కోపం వస్తుంది? అహింసని జనం ఓర్పుకి వదిలేయకుండా, కొట్లాటకి సందే దొరకని ఏర్పాటు చేశాడాయన. శాంతంగా ఉండండని ఉపన్యాసం ఎవరైనా ఇస్తారు.

చెప్పినంత తేలిక మాత్రం కాదు. 1921 వేసవిలో వేలమంది సామాన్లు నెత్తిన పెట్టుకుని ఊరవతల ఇసుకలోకి పోయారు. తాటాకు పాకలు వేశారు. దానికి రామనగరం అని పేరు. అమ్మమ్మ ఇంట్లో ఈ కథ మొదలెడితే దేశం గురించి కాదు, మగ్గం గురించే ఎక్కువ మాట్లాడేవాళ్ళు. గుంటమగ్గం మంచంలాగా ఎత్తుకుపోయేది కాదు. కాళ్ళు పెట్టుకునే గుంట కొత్తగా తవ్వాలి. ఇసుకలో తవ్వితే అంచులు జారిపోతాయి, అందుకని మట్టి తెచ్చి గట్టిగా మెత్తారట. పడుగు, అంటే నిలువు నూలు, సాగదీసి గంజి పెట్టడానికి వీధంత పొడుగు చోటు కావాలి. అది మాత్రం అక్కడ కావలసినంత ఉండేది. ఎండాకాలం ఒకలాగ గడిచింది. మా వైపు అసలు వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో కదా, పాకలో నూలు తడిసిపోతే ఆ వారం కూలి పోయినట్టే. పక్కపాకలో పొయ్యి రాజేసినా తాటాకు గురించి భయమే. ఊళ్ళో తాళం వేసిన సొంత ఇల్లుంది, నడిచి పోయేంత దూరం, అయినా పోరు. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం అమ్మమ్మ గొంతు కొంచెం పెరిగేది.

రామనగరాన్ని నడిపిన తీరు కూడా చూడాలి. కులాలవారీగా ప్రతినిధులతో ఒక సభ, తగాదాలు తీర్చడానికి పంచాయతీ, కాపలాకి రామదండు. రామదండంటే ఇప్పటివాళ్ళకి ఇంకేదో గుర్తొస్తుంది కాబట్టి చెబుతున్నా, వీళ్ళ పని జనాన్ని క్రమంలో ఉంచడం, కష్టమొచ్చిన చోట నిలబడడం. భజన, పాట, చాటుపద్యం, ఏది దొరికితే దాంతో దుగ్గిరాల జనాన్ని కూడగట్టేవారు. ఆయనకది వేషం కాదు. కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు, 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. కళ తెలిసినవాడు కాబట్టే జనాన్ని కూర్చోబెట్టడం తెలిసింది.

మరి ఎందుకు కూలింది? నన్నడిగితే డబ్బు. నెలల తరబడి అంతమందిని పోషించాలంటే చందాలు ఆగకూడదు. ఆ చందాలు ఆయన తిరిగితేనే వచ్చేవి. అదే ఏడాది బరంపురంలో, మాట్లాడొద్దన్న ఉత్తర్వుని లెక్కచేయకుండా మాట్లాడినందుకు ఆయనకి ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకి పంపారు. ఆయన తర్వాత అంత భారం ఎత్తుకునే మనిషిని ఆయన తయారుచేసుకోలేదు. ఉద్యమం మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. ఇంత పెద్ద ఏర్పాటు ఒక్క గొంతు మీద నిలబెట్టడం తప్పు. 1922 మొదట్లో పెదనందిపాడులో పర్వతనేని వీరయ్యచౌదరి గారు శిస్తు నిరాకరణ నడిపినప్పుడు కూడా గుంటూరు జిల్లా రైతులు గట్టిగానే నిలబడ్డారు. చౌరీచౌరాలో హింస జరిగాక గాంధీగారు దేశమంతా ఉద్యమాన్ని ఆపేశారు, అది వేరే కథ. రామనగరం మాత్రం లోపల్నుంచి అలిసిపోయింది.

దుగ్గిరాల 1928 జూన్ 10న క్షయతో పోయారు, నలభై కూడా నిండలేదు. పుట్టింది అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో, 1889లో. జనం ఆయనకిచ్చిన ఆంధ్రరత్న బిరుదు మీదే విజయవాడలో కాంగ్రెస్ ఆఫీసుకి ఆంధ్రరత్న భవన్ అని పేరు.

మా వాళ్ళు తిరిగొచ్చాక పన్ను కట్టారా అని మా మేనమామ ఒకసారి అడిగాడు. కట్టారు, కట్టక ఏం చేస్తారు అంది అమ్మమ్మ. కట్టి మళ్ళీ గుంట తవ్వుకుని మగ్గం వేసుకున్నారు. కానీ ఆ నెలల్లో మా వీధిలో ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదనీ, తాళం వేసిన ఇళ్ళలో దొంగతనాలు జరగలేదనీ ఆవిడ అడగకుండానే చెప్పేది. రెండో ముక్క నిజమో, పిల్లప్పటి నమ్మకమో నేను తేల్చలేను. మొదటిది మాత్రం నమ్ముతాను.