బార్సిలోనాకి ఒక్క రోజు చాలా? - మీ ప్రశ్నలు, మా జవాబులు

స్పెయిన్‌లోని బార్సిలోనా గురించి అడగండి అనగానే బోలెడు మెసేజ్‌లు వచ్చాయి, ఒకేలా ఉన్నవి కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నా. ఈ ఊళ్ళోనే కాపురం ఉంటున్నదాన్ని, ఇక్కడి వాళ్ళ వైపు కాస్త మొగ్గుతాను, ముందే చెప్తున్నా.

మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం. మేలో మమ్మల్ని తిప్పుతానంటున్నాడు. వాడు చూసిన ప్యాకేజీలో బార్సిలోనాకి ఒక్క రోజే ఇచ్చారు. నాకు మోకాళ్ళ నొప్పులు, మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. వెళ్ళడం దండగంటారా?
*- రిటైర్డ్ టీచర్, తెనాలి*

మాస్టారూ, తప్పకుండా రండి, కానీ ఒక్క రోజుకైతే వద్దు. ఆ ఒక్క రోజు ప్యాకేజీలో ఏం చేస్తారంటే పొద్దున్నే బస్సులోంచి దింపి సగ్రాడా ఫామిలియా చర్చి బయట ఫోటో, ఆ తర్వాత పార్క్ గ్వెల్, మధ్యాహ్నం లా రాంబ్లా అనే వీధిలో జనంలో తోసుకుంటూ నడక, సాయంత్రం మళ్ళీ బస్సు, మీ మోకాళ్ళు ఇంటికొచ్చాక నెల రోజులు గుర్తు చేస్తాయి. ఇంకో ఊరు తీసేసి అయినా సరే ఇక్కడ నాలుగు రాత్రులు ఉండండి. రోజుకి ఒక్కటే పెద్ద చోటు, అది కూడా పొద్దుటి పూట, మధ్యాహ్నం భోజనం చేసి పడుకోండి, సాయంత్రం ఆరు తర్వాత మళ్ళీ బయటికి రండి. మేలో ఇక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, ఊరు ఊరంతా అప్పుడే బయటికొస్తుంది, మీ వయసు వాళ్ళు బెంచీల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు, మీరూ వెళ్ళి కూర్చోండి.

సగ్రాడా ఫామిలియా మాత్రం లోపలికి వెళ్ళి చూడాలి, బయటి ఫోటోతో సరిపెట్టుకోవద్దు. 1882లో మొదలైన చర్చి అది, మరుసటి ఏడాది గౌడీ అనే ఆర్కిటెక్ట్ చేతికొచ్చింది, 1926లో ట్రామ్ గుద్ది ఆయన పోయేనాటికి కట్టింది చాలా తక్కువ. ట్రామ్ గుద్దినప్పుడు ఒంటి మీద పాత బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకున్నారట, అంత పెద్ద ఆర్కిటెక్ట్‌ని. ఇప్పుడు ఆయన సమాధి ఆ చర్చి కిందే ఉంది. లోపల స్తంభాలు చెట్లలాగా పైకి వెళ్ళి కొమ్మలు చీలతాయి, మెడ ఎత్తి అలాగే నిలబడిపోతారు. ఒక చిట్కా చెప్తా, తూర్పు వైపు అద్దాలు నీలం ఆకుపచ్చ, పడమటి వైపు ఎరుపు నారింజ. పొద్దున తొమ్మిది పది మధ్య వెళ్తే నేల మీద, స్తంభాల మీద, పక్కన నిలబడ్డ మనిషి చొక్కా మీద కూడా నీలం వెలుగు పడుతుంది, సాయంత్రం వెళ్తే అదంతా నిప్పు రంగు. నన్నడిగితే సాయంత్రమే బాగుంటుంది, రోజుకొకటి అన్న లెక్కలో ఆ ఒక్క రోజు పొద్దుట ఖాళీగా ఉంచుకోండి. టికెట్ ఆన్‌లైన్లో టైమ్‌తో సహా ముందే తీసుకోమనండి మీ అబ్బాయిని, మేలో అప్పటికప్పుడు దొరకడం కష్టం.

పార్క్ గ్వెల్ కొండ మీద ఉంటుంది. లెసెప్స్ మెట్రో నుంచి ఎక్కుడు, మీరు టాక్సీలో పైదాకా వెళ్ళిపోండి. మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్ట్ ఉంది, అన్నిటికీ లేదు, పాసెచ్ దె గ్రాసియాలో లైన్ 3 నుంచి లైన్ 4కి మారాలంటే భూమి లోపల పొడుగాటి సొరంగం నడవాలి, అక్కడ మారకుండా రూట్ చూసుకోమనండి.

ఇక తిండి. అమ్మగారికి ఇబ్బంది ఉండదు కానీ "వెజిటేరియన్" అని ఒక్క మాట అని ఊరుకోకండి, ఇక్కడ సలాడ్ మీద ట్యూనా చేప చల్లి తెచ్చి పెడతారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ ఉవెవో" అంటే మాంసం, చేప, గుడ్డు ఏమీ వద్దని. పా అమ్ తుమాకెట్ అని కాల్చిన రొట్టె మీద టమాటా కోసి రుద్ది ఆలివ్ నూనె, ఉప్పు వేసి ఇస్తారు, ఎక్కడైనా దొరుకుతుంది. ఎస్కలివాదా తప్పకుండా అడగండి, వంకాయ, క్యాప్సికం నిప్పుల మీద కాల్చి తొక్క తీసి పెట్టేది, మన కాల్చిన వంకాయ పచ్చడికి చుట్టమే, దాని మీద చేప ముక్క పెట్టొద్దని మాత్రం చెప్పండి. పటాటాస్ బ్రావాస్ ఆలూ వేపుడే, తెల్ల సాస్‌లో గుడ్డు ఉండొచ్చు కాబట్టి అది వద్దనండి. ఆలూ ఆమ్లెట్ జోలికి వెళ్ళొద్దు. మధ్యాహ్నం భోజనం ఇక్కడ రెండింటికి, రాత్రి హోటళ్ళలో వంటగది ఎనిమిదిన్నర తర్వాతే మొదలవుతుంది, మన టైమ్‌కి ఏడింటికి వెళ్తే కుర్చీలు ఖాళీగా ఉంటాయి, టూరిస్టుల కోసం పెట్టిన హోటళ్ళే తెరిచి ఉంటాయి.

తెనాలి నుంచి వస్తూ నెయ్యి, పాలకోవా సంచిలో పెట్టుకోకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం యూరప్ రూల్ ప్రకారం కుదరదు, చికెన్ పచ్చడి కూడా అంతే. తాజా కరివేపాకు, మామిడిపళ్ళు సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. కందిపొడి, ఆవకాయ తెచ్చుకోండి, ఆవకాయ చెక్-ఇన్ లగేజీలో.

వీసా సంగతి, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) అప్లై చెయ్యాలి. మీరు అబ్బాయి దగ్గర ఎక్కువ రోజులుంటారు కాబట్టి జర్మనీకి.

బార్సిలోనాలో దొంగలు బాగా ఎక్కువంట కదా, భయంగా ఉంది. నిజమేనా?
*- గృహిణి, రాజమండ్రి*

జేబుదొంగలు ఉన్నారమ్మా, నిజమే. ఒంటి మీద చెయ్యి వేసే రకం తక్కువ, మాట మరల్చి లాగేసే రకం ఎక్కువ. మెట్రో తలుపు మూసుకునే ఆ క్షణం, లా రాంబ్లా, బీచ్ ఇసుక, రోడ్డు పక్క కాఫీ టేబుల్ మీద పెట్టిన ఫోన్, ఈ నాలుగు చోట్ల జాగ్రత్త. భుజం మీద ఏదో పడింది తుడుస్తా అని ఎవరైనా దగ్గరికొస్తే తుడవనివ్వకండి, బ్యాగ్ గుండెలకి హత్తుకుని షాపులోకి వెళ్ళిపోండి. అసలు పాస్‌పోర్ట్ రూమ్ లాకర్లో పెట్టి కాపీ పట్టుకు తిరగండి. పోతే వెంటనే మోసోస్ అనే ఇక్కడి పోలీసుల దగ్గర కంప్లైంట్ రాయించండి, ఇన్సూరెన్స్‌కీ, కొత్త పాస్‌పోర్ట్‌కీ ఆ కాగితం అడుగుతారు. ఎమర్జెన్సీ నంబర్ 112.

టూరిస్టుల మీద నీళ్ళ పిచికారీలు కొట్టిన వీడియో చూశాం. మనం వెళ్తే అవమానం చేస్తారా?
*- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్*

ఆ వీడియో 2024 జులైలో టూరిజం ఎక్కువైపోయిందని జరిగిన నిరసనది. అంతకుముందూ తర్వాతా అలాంటి నిరసనలు జరిగాయి, కానీ మామూలు రోజుల్లో వీధిలో నడుస్తున్న మనిషిని సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. కోపం ఎందుకొచ్చిందో తెలుసుకుంటే మీకే మంచిది. 2024కి ముందు పదేళ్ళలో అద్దెలు 68 శాతం పెరిగాయని మేయర్ జౌమె కొల్బోనీయే చెప్పారు, ఇళ్ళని టూరిస్టులకి రోజువారీ ఇచ్చేస్తుంటే ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఊరు దాటి బయటికి పోతున్నారు. అందుకే 10 వేలకు పైగా ఉన్న టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబర్ తర్వాత రెన్యూ చెయ్యమని 2024 జూన్‌లో ప్రకటించారు. పార్క్ గ్వెల్ పక్క వీధుల్లో 116 నంబర్ చిన్న బస్సు తిరుగుతుంది, కూరగాయల సంచితో ఇంటికెళ్ళే ముసలివాళ్ళకి అందులో చోటు దొరక్క, చివరికి కార్పొరేషన్ అడిగి ఆ బస్సుని గూగుల్ మ్యాప్స్‌లోంచి తీయించింది. ఆ పార్కులో కూడా పొద్దున తొమ్మిదిన్నర దాకా లోకల్ వాళ్ళకే.

మీరు చెయ్యగలిగింది ఉంది. ఫ్లాట్ బుక్ చేస్తే లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి, లేకపోతే హోటల్ తీసుకోండి. రాత్రి పది తర్వాత మెట్ల మీద సూట్‌కేస్ డబడబలాడిస్తూ, వీడియో కాల్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతూ వెళ్ళకండి, ఆ పాత బిల్డింగుల్లో గుసగుస కూడా మూడో అంతస్తుకి వినిపిస్తుంది. షాపులోకి వెళ్ళగానే ముందు "బోన్ దియా" (ఇక్కడి కటలాన్ భాషలో నమస్కారం లాంటిది) అనండి, ఆ తర్వాతే కావలసింది అడగండి. ఈ రెండు మాటలకి మొహాలు ఎంత మారతాయో మీరే చూస్తారు.

మాస్టర్స్ కోసం సెప్టెంబర్‌లో వస్తున్నా అక్కా. రూమ్ ఎలా వెతకాలి? స్పానిష్ నేర్చుకోవాలా? అక్కడ క్రికెట్ ఉందా?
*- విద్యార్థి, వరంగల్*

తమ్ముడూ, రూమ్ చూడకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు. "నేను ఊళ్ళో లేను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తా" అంటే అది మోసమే, ఎంత మంచి ఫోటోలు పెట్టినా సరే. మొదట కొన్ని వారాలకి హాస్టల్ మాట్లాడుకుని, వచ్చాక నీ కళ్ళతో చూసి తీసుకో. అడగాల్సిన మొదటి మాట అద్దె కాదు, "ఎంపద్రొనామెంట్ చేసుకోనిస్తారా" అని. అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని కార్పొరేషన్లో నమోదు, అది లేకపోతే హెల్త్ కార్డ్ దగ్గర్నుంచి చాలా పనులు ఆగిపోతాయి, కొందరు ఓనర్లు ఒప్పుకోరు, అలాంటి రూమ్ చవగ్గా వచ్చినా వదిలెయ్. ఆరు నెలలు దాటే వీసా అయితే దిగిన నెల లోపల టీఐఈ కార్డుకి, అంటే విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డుకి, అప్లై చెయ్యాలి, అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని, దిగిన రోజు నుంచే ప్రయత్నించు.

భాష రెండూ కావాలి. స్పానిష్‌తో రోజు గడిచిపోతుంది, కానీ ఇక్కడి వాళ్ళలో చాలామందికి ఇంటి భాష కటలాన్. నియంత ఫ్రాంకో కాలంలో 1939 నుంచి 1975 దాకా స్కూళ్ళలో, ఆఫీసుల్లో దాన్ని అణిచేశారు, అమ్మమ్మలు ఇంట్లో గుట్టుగా నేర్పి నిలబెట్టుకున్న భాష అది. ప్రభుత్వం మొదటి మెట్టు క్లాసులు ఉచితంగా చెప్తుంది, చేరు.

మసాలాలు, కందిపప్పు, పచ్చిమిర్చి రావల్ పేటలో దొరుకుతాయి, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్ళ షాపులు అక్కడ వరసగా ఉంటాయి. క్రికెట్ ఉంది! 2021లో ఊరి బడ్జెట్‌లో కొంత భాగం దేనికి ఖర్చు పెట్టాలో జనం ఓటుకి పెడితే క్రికెట్ గ్రౌండ్ కావాలని ఇక్కడి సౌత్ ఏషియన్ కుటుంబాల ఆడపిల్లలు ప్రచారం చేసి గెలిపించారు. గ్రౌండ్ కోసం ఆ తర్వాత కూడా పోరాడాల్సి వచ్చింది పాపం, కానీ టీమ్‌లు ఉన్నాయి, నీకు చోటు దొరుకుతుంది.

ఏ నెల మంచిది?
*- విజయవాడ, నెల్లూరు నుంచి కొందరు*

ఆగస్టు వద్దు. ఉక్కపోత, పైగా చిన్న షాపుల వాళ్ళు తాళం వేసి సెలవుకి వెళ్ళిపోతారు. ఏప్రిల్ 23న సాన్ జోర్ది పండగ, వీధి నిండా పుస్తకాలు, గులాబీలు, ఒకరికొకరు కొనిచ్చుకుంటారు. సెప్టెంబర్ 24 చుట్టూ ఊరి పండగ లా మెర్సె, సాన్ జౌమె చౌక్‌లో మనుషుల మీద మనుషులు ఎక్కి గోపురం కడతారు, చివర్లో హెల్మెట్ పెట్టుకున్న చిన్న పిల్ల పైకి పాకి చెయ్యెత్తుతుంది. అది చూడాలంటే గంట ముందే వెళ్ళి నిలబడాలి, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి. రూమ్ రేట్లు ఈ రెండు పండగలకీ పెరుగుతాయి, కాబట్టి నాలుగైదు నెలల ముందే చూసుకోండి.