టెక్ సందేహాలు: చిన్న బృందం, కొత్త బ్రాండ్, ఆరు వారాల గడువు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తరహావి. ఇద్దరో ముగ్గురో కలిసి ఒక వస్తువు తయారుచేశారు. దాన్ని దుకాణాలకు ఇవ్వకుండా, సొంత బ్రాండ్ పేరుతో సొంత వెబ్‌సైట్‌లో నేరుగా కొనేవారికే అమ్మాలనుకుంటున్నారు. అదీ కొద్ది వారాల్లోనే. ఆ తొందరను నేను తప్పుపట్టను. వస్తువు బయటకు వెళ్తేనే కదా దాని బాగోగులు తెలిసేది. అయితే రేపు మార్చుకోగల పనులు వేరు, ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి వెంట వచ్చే పనులు వేరు. పేజీ రంగులు, ప్రకటన మాటలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. డొమైన్ (అంటే మీ వెబ్‌సైట్ చిరునామా) ఎవరి పేరున ఉంది, వస్తువులకు కోడ్‌లు ఎలా పెట్టారు, మీ మెయిల్ చిరునామా ఎలాంటి పేరు తెచ్చుకుంది అన్నవి అంత సులువుగా మారవు. అందుకే ఈ జవాబుల్లో వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

ప్రశ్న: మేం ముగ్గురం. చేతిసంచులు అమ్మబోతున్నాం. ఆరు వారాల్లో మొదలుపెట్టాలి. మాలో ఒకరికి ప్రోగ్రామింగ్ బాగా వచ్చు. సైట్ మొత్తం తానే రాస్తాననీ, నెలనెలా ఎవరికీ అద్దె కట్టనవసరం లేదనీ అంటున్నాడు. ఒప్పుకోమంటారా?

ఒప్పుకోకండి. అతను రాయగలడనే అనుకుంటున్నాను, సమస్య అతని నేర్పుది కాదు. అమ్మకాల సైట్‌లో కంటికి కనిపించే భాగం చాలా చిన్నది. కూపన్ వాడి రెండు సంచులు కొన్నవారు ఒకటి వెనక్కి పంపితే ఎంత డబ్బు తిరిగి ఇవ్వాలి? బ్యాంకు ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయింది, ఆ క్షణంలోనే ఫోనుకు నెట్‌వర్క్ పోయింది. ఆర్డర్ పడినట్టా, పడనట్టా? చివరి సంచిని ఒకే నిమిషంలో ఇద్దరు కొంటే అది ఎవరిది? రెడీమేడ్ వేదికలు ఇలాంటి చిక్కులన్నిటినీ ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వచ్చాయి. మీ మిత్రుడు వాటన్నిటినీ మళ్లీ మొదటి నుంచి ఎదుర్కోవాలి.

అలాంటి రెడీమేడ్ అమ్మకాల వేదికల్లో ఒకటైన షాపిఫై పుట్టుక కథ ఇక్కడ చెప్పుకోవాలి. 2004లో కెనడాలో టోబియాస్ లుట్కే, ఆయన మిత్రులు మంచు మీద జారే స్నోబోర్డులను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకున్నారు. అప్పట్లో దొరికే సాఫ్ట్‌వేర్ ఏదీ నచ్చక సొంతంగా రాసుకున్నారు. చివరికి బోర్డులు పక్కకు వెళ్లిపోయి, 2006 నాటికి ఆ సాఫ్ట్‌వేరే అసలు వ్యాపారమైంది. మీ సైట్ మీరే రాసుకోవడం మొదలుపెడితే మీ సంచులకూ అదే గతి పట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టడం మీ ఉద్దేశం కాదు కదా.

షాపిఫై లాంటి అద్దె వేదికా, వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే వూకామర్సా అన్నది తర్వాతి ప్రశ్న. వూకామర్స్ ఉచితమే గానీ, సర్వర్, అప్‌డేట్లు, బ్యాకప్‌లు, భద్రత అన్నీ మీ నెత్తినే ఉంటాయి. అర్ధరాత్రి సైట్ ఆగిపోతే లేచి చూసే మనిషి మీ ముగ్గురిలో ఉంటే దాన్ని తీసుకోండి, లేకపోతే అద్దె వేదికే మేలు. ఏది ఎంచుకున్నా డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష పెట్టండి. వస్తువులు, కొనుగోలుదారులు, ఆర్డర్ల వివరాలన్నీ ఫైలుగా బయటకు తీసి చూడండి. బయటకు వెళ్లే దారి లేని ఇంట్లో అద్దెకు దిగకూడదు.

కార్డు నంబర్లు మాత్రం మీ సర్వర్‌ను ఎప్పుడూ తాకకూడదు. చెల్లింపును, మీ తరఫున డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే సేవ సొంత పేజీలోనే జరగనివ్వండి. కార్డు సమాచారాన్ని తాకిన ప్రతివారూ పాటించాల్సిన పీసీఐ డీఎస్ఎస్ అనే ప్రమాణాల భారం అప్పుడు బాగా తగ్గుతుంది.

మరి ప్రోగ్రామర్‌కు పనేమిటంటారా? బోలెడంత ఉంది. ‘డబ్బు అందింది’ అని గేట్‌వే మీ సైట్‌కు తనంతట తానే పంపే వెబ్‌హుక్ సందేశం ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది. మీరు సొంతంగా కలుపుకునే స్టాకు లెక్కలు, కొరియర్ ఏర్పాట్లు ఆ రెండో సందేశాన్ని గుర్తుపట్టి వదిలేయాలి, లేకపోతే ఒకే ఆర్డర్‌కు రెండు పార్సెళ్లు వెళ్తాయి. దీన్ని సరిచూడటం అతని పని. అలాగే ప్రారంభానికి వారం ముందు సొంత కార్డుతో నిజమైన డబ్బు కట్టి కొనండి. రద్దు చేయండి. డబ్బు వెనక్కి తెప్పించుకోండి. పాత ఫోనులో, బలహీనమైన నెట్‌వర్క్‌లో మళ్లీ ప్రయత్నించండి. స్టాకును సున్నా చేసి పేజీ ఏం చూపిస్తుందో చూడండి. ఈ చివరిదాన్ని చిన్న విషయం అనుకోవద్దు. 2010లో అమెరికాలో వార్బీ పార్కర్ అనే కళ్లజోళ్ల సంస్థ మొదలైనప్పుడు పత్రికల్లో వచ్చిన ప్రచారంతో ఆర్డర్లు వెల్లువెత్తాయి. ‘స్టాకు అయిపోయింది’ అని చూపించే ఏర్పాటు అప్పటికి వారి సైట్‌లో లేదు. 20,000 మందిని వేచి ఉండే జాబితాలో పెట్టాల్సి వచ్చింది.

ప్రశ్న: సైట్ తయారుచేస్తున్న డిజైనర్ డొమైన్ కూడా తన ఖాతాలోనే కొన్నాడు. ‘మీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాను’ అంటున్నాడు. ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. ఈ రోజే మార్పించుకోండి. డొమైన్లు అమ్మి నమోదుచేసే సంస్థ, అంటే రిజిస్ట్రార్ దగ్గర ఎవరి పేరు నమోదై ఉందో డొమైన్ వారిదే. ఎవరు డబ్బిచ్చారన్నది ఆ తర్వాతి మాట. నాకు బాగా తెలిసిన ఒక చిన్న బృందం ఇలాగే నమ్మి వదిలేసింది. రెండేళ్లకు డిజైనర్ ఊరు మారాడు, నంబరు మారింది, పునరుద్ధరణ గడువు దాటింది. సైట్‌తో పాటు వారి మెయిళ్లన్నీ ఒకే రోజు ఆగిపోయాయి. చందాదారులకు జరిగింది చెప్పుకోవడానికి కూడా దారి లేకపోయింది. ఆ వారం వాళ్లు పడ్డ బాధ చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొత్తగా నమోదైన డొమైన్‌ను మరో రిజిస్ట్రార్‌కు తరలించడానికి సాధారణంగా 60 రోజులు ఆగాలి. అయితే చాలాచోట్ల ఒకే రిజిస్ట్రార్‌లో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మార్చుకునే వీలు ఉంటుంది. మీ పేరున ఖాతా తెరిచి అందులోకి మార్పించుకోండి. ఆ ఖాతాకు ఇచ్చే మెయిల్ చిరునామా అదే డొమైన్‌ది కాకుండా చూసుకోండి. డొమైన్ ఆగిపోతే పాస్‌వర్డ్ మార్చుకునే లంకె కూడా ఆగిపోయిన పెట్టెలోకే వెళ్తుంది. ఇంటికి తాళం వేసి తాళంచెవిని లోపలే వదిలేసినట్టు అవుతుంది.

ప్రశ్న: ఆర్డర్ ఖరారైందని మేం పంపే మెయిళ్లు చాలామందికి స్పామ్‌లో పడుతున్నాయి. మెయిల్‌లోని మాటలు మార్చి చూశాం, ఫలితం లేదు.

ఇలాంటప్పుడు మాటల కన్నా ముందు అనుమానించాల్సింది డొమైన్ సెట్టింగులను. అక్కడ మూడు ఉండాలి. మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. దారిలో ఎవరూ మార్చలేదని రుజువుచేసే డిజిటల్ ముద్ర డీకేఐఎం. ఈ రెండూ మీ పేరుతో సరిపోలకపోతే ఆ మెయిల్‌ను ఏం చేయాలో అందుకునే సంస్థకు చెప్పే సూచన డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్ల స్థాయిలో పంపేవారికి మూడూ తప్పనిసరి. ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలుండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. తక్కువ పంపేవారికి కూడా ఎస్‌పీఎఫ్, డీకేఐఎంలలో కనీసం ఒకటి ఉండాల్సిందే. నేనైతే మొదటి రోజే మూడూ పెట్టమంటాను.

కొత్త బృందాల్లో తరచూ కనిపించే పొరపాటు ఒకటుంది. ఆఫీసు మెయిల్ ఒక సంస్థది, వార్తాలేఖలు పంపే సేవ మరొకరిది. ఇద్దరూ ‘ఈ ఎస్‌పీఎఫ్ వరుసను చేర్చండి’ అంటారు, మీరు రెండు వరుసలు చేరుస్తారు. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ వరుస ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. ఇద్దరి వివరాలనూ ఒకే వరుసలో కలపండి. సరిగా కుదిరిందో లేదో తెలియాలంటే మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపుకుని, మెనూలో అసలు ప్రతిని చూపించే అంశాన్ని నొక్కండి. మూడింటి ఫలితమూ పైనే కనిపిస్తుంది.

ఆర్డర్ మెయిళ్లకు ఒక సబ్‌డొమైన్ (మీ డొమైన్ ముందు మరో మాట చేర్చిన చిరునామా), ప్రచారానికి మరొకటి వాడండి. ప్రచారం మీద ఫిర్యాదులు వచ్చినా రసీదుల మీద ఆ దెబ్బ తక్కువగా పడుతుంది. డబ్బిచ్చి మెయిల్ జాబితాలు మాత్రం కొనకండి. అడగనివారికి పంపిన ఉత్తరం వాళ్లకు చికాకు, మీకు నష్టం.

ప్రశ్న: స్టాకు జాబితాను ఎక్సెల్‌లో పెట్టుకున్నాం. బార్‌కోడ్ అంకెలు తెరిచిన ప్రతిసారీ మధ్యలో చుక్క, ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరంతో వింతగా మారిపోతున్నాయి. కొన్ని కోడ్‌లు తేదీలైపోయాయి!

ఎక్సెల్ మీ కోడ్‌ను సంఖ్య అనుకుంటోంది. పొడవైన సంఖ్యలను కుదించి చూపిస్తుంది, మొదట్లో ఉన్న సున్నాలను తీసేస్తుంది, 15 అంకెలు దాటితే మిగతావాటిని సున్నాలు చేసేస్తుంది. అతికించక ముందే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా మార్చండి. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) రెండుసార్లు నొక్కి తెరవకండి, డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని ఆ వరుస టెక్స్ట్ అని అక్కడ చెప్పండి. పాడైన ఫైలును పొరపాటున సైట్‌లోకి ఎక్కిస్తే స్టాకంతా తారుమారవుతుంది. తేదీల బెడద మీ ఒక్కరిదే కాదు. మార్చి, సెప్టెంబరు నెలలను తలపించే పేర్లున్న మానవ జన్యువులను స్ప్రెడ్‌షీట్లు తేదీలుగా మార్చేస్తుంటే, చివరికి జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చుకుంది. 2020లో ప్రకటించిన నియమాల్లో ఆ సంగతి ఉంది.

కాబట్టి మీ సొంత కోడ్‌లు పెట్టేటప్పుడే జాగ్రత్తపడండి. సున్నాతో మొదలుపెట్టకండి. ఇంగ్లిష్ ‘ఓ’, ‘ఐ’ అక్షరాలు వాడకండి, చూసేవారికి సున్నా, ఒకటి అంకెల్లా కనిపిస్తాయి. నెల పేరును తలపించే కుదింపులు వద్దు. వస్తువు, రంగు, కొలత వరుసగా తెలిసేలా చిన్న కోడ్ చాలు. ఒకసారి వాడిన కోడ్‌ను మరో వస్తువుకు ఇవ్వకండి. పాత ఆర్డర్ల లెక్క అర్థం లేనిదైపోతుంది.

అధికారిక బార్‌కోడ్ సంఖ్య ఇప్పుడే కావాలా అన్న మీ రెండో సందేహానికి జవాబు: సొంత సైట్‌లో మాత్రమే అమ్మితే సాధారణంగా అవసరం లేదు. పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలోనో దుకాణాల్లోనో పెట్టాలనుకున్నప్పుడు బార్‌కోడ్ సంఖ్యలు కేటాయించే జీఎస్1 సంస్థ దగ్గరే తీసుకోండి. చవగ్గా తిరిగి అమ్మేవారి దగ్గర కొంటే ఆ సంఖ్య వెనుక వేరే సంస్థ పేరు ఉండవచ్చు.

ప్రశ్న: తెర మీద మెరిసిపోయిన నారింజ రంగు పెట్టె మీద అచ్చయ్యేసరికి వెలవెలబోయింది. తప్పు ప్రింటర్‌దా, మాదా?

చాలావరకు ఎవరిదీ కాదు. తెర కాంతితో రంగు చూపిస్తుంది, అచ్చు నాలుగు సిరాలతో చూపిస్తుంది. కాంతి ఇవ్వగల కొన్ని రంగులను సిరా ఇవ్వలేదు. ముదురు నారింజ, మెరిసే ఆకుపచ్చ వాటిలోవే. డిజైన్‌ను మొదటి నుంచి ఆ నాలుగు సిరాల పద్ధతి అయిన సీఎంవైకేలో చేయించండి, బొమ్మలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉంచండి, అంచులు దాటి సుమారు 3 మిల్లీమీటర్లు రంగు పొడిగించండి. అన్నిటికన్నా ముఖ్యం, అసలు అట్ట మీద ఒక నమూనా అచ్చు చేతిలోకి వచ్చేదాకా వేల పెట్టెలకు ఆర్డర్ ఇవ్వకండి. గడువు ఎంత తరుముతున్నా ఈ నాలుగు రోజులూ ఆగాల్సిందే.

ప్రశ్న: పార్సెల్ చిరునామాలకు థర్మల్ ప్రింటర్ కొంటే, వస్తువు మీది లేబుల్ కూడా దానితోనే వేయవచ్చా?

చిరునామాలకు నిశ్చింతగా కొనండి. అది కాగితాన్ని వేడిచేసి అచ్చు వేస్తుంది, సిరా అవసరం లేదు, 4×6 అంగుళాల లేబుల్ పట్టే 203 డీపీఐ యంత్రం చాలు. కానీ ఈ కాగితం వేడికీ వెలుతురుకూ నల్లబడుతుంది, లేదంటే అక్షరాలు వెలిసిపోతాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ నెలల తరబడి నిలవాలి కాబట్టి, వస్తువు మీది లేబుల్‌కు రిబ్బన్‌తో అచ్చు వేసే థర్మల్ ట్రాన్స్‌ఫర్ రకం వాడండి.

ప్రశ్న: ప్రకటనల వేదిక 40 అమ్మకాలు తనవల్లే జరిగాయంటోంది. మాకు వచ్చిన ఆర్డర్లే మొత్తం 31. ఏది నమ్మాలి?

మీ ఆర్డర్ల పుస్తకాన్ని, ఖాతాలోకి వచ్చిన డబ్బును. ఒక కొనుగోలు ఒకటికి రెండుసార్లు నమోదవడం ఇందుకు మొదటి కారణం కావచ్చు. ‘ధన్యవాదాలు’ పేజీని మళ్లీ తెరిచినప్పుడల్లా కొత్త అమ్మకంగా లెక్కపడుతోందేమో మీ ప్రోగ్రామర్‌ను చూడమనండి. దానితో పాటు కొన్ని లెక్కలు అంచనాలే. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ 14.5తో ఆపిల్, ఇతర యాప్‌లు మనల్ని వెంబడించాలంటే ముందు అనుమతి అడగాలన్న నియమం తెచ్చింది. అప్పటినుంచి వేదికలు కనిపించని భాగాన్ని ఊహతో పూరిస్తున్నాయి. ప్రతి ప్రకటన లంకెకూ, కొనేవారు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే యూటీఎం గుర్తులు తగిలించండి. కొన్న తర్వాత ‘మా గురించి ఎక్కడ విన్నారు?’ అని ఒక్క ప్రశ్న అడగండి. ఆర్డర్లు వందల్లో ఉన్నంతకాలం ఆ జవాబులను మీరే కూర్చుని చదవగలరు. చిన్న బృందానికి ఉన్న గొప్ప వెసులుబాటు అది, వదులుకోకండి.

ప్రశ్న: నలుగురం ఒకే పాస్‌వర్డ్‌ను చాట్‌లో పంచుకుని వాడుతున్నాం. ప్రారంభం ఎల్లుండే. ఇప్పుడు మార్చాలా?

ఈ రాత్రికే మార్చండి, గంట పని. ఎవరి లాగిన్ వారికి ఇవ్వండి. అది వీలుకాని చోట పాస్‌వర్డ్ మేనేజర్ ద్వారా పంచుకోండి. డొమైన్, సైట్, పేమెంట్ గేట్‌వే, ముఖ్యమైన మెయిల్, ఈ నాలుగింటికీ ఎస్సెమ్మెస్ కాకుండా యాప్‌తో రెండో అంచె ధ్రువీకరణ పెట్టండి. ఖాతా చేజారితే పనికొచ్చే రికవరీ కోడ్‌లను కాగితం మీద అచ్చు వేసి, ఇద్దరి ఇళ్లలో విడివిడిగా దాచండి.