మేడ మీద గాలిమర తిరుగుతోంది, బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కట్లేదు

ఎక్కువగా ఇది గాలి సమస్యేనండీ. విశాఖ ఎంవీపీ కాలనీలో మీ పక్కనే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉందన్నారు. సముద్రపు గాలి దానికి తగిలి సుడులు తిరుగుతూ మీ మేడకొస్తుంది. రెక్కలు తిరుగుతాయి గానీ 12 వోల్టుల బ్యాటరీని నింపేంత వోల్టేజి రాదు.

1. గాలి తగ్గినప్పుడు గాలిమర నుంచి వచ్చే మూడు వైర్లూ కలిపి షార్ట్ చేసి రెక్కలు ఆపండి. బ్యాటరీ విప్పాల్సి వస్తే ఆ తర్వాతే విప్పండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఎనిమోమీటరుతో గాలివేగం కొలవడం. పిట్టగోడ దగ్గర కాదు, రెక్కల ఎత్తులోనే కొలవాలి. పగలూ రాత్రీ కొన్నాళ్లు రాసుకోండి. వేగం సగమైతే గాలిలో ఉండే శక్తి ఎనిమిదో వంతే! సగటు సెకనుకు 4 మీటర్లు దాటకపోతే ఆ చోటు దండగ.

3. స్తంభం పెంచాలంటే చుట్టుపక్కల భవనాలకంటే కనీసం 9 మీటర్లు ఎత్తుండాలి. 2014లో హుద్‌హుద్ తుపాను చూసిన ఊళ్లో మేడ మీద అంత స్తంభం వద్దండీ, సోలార్ ప్యానెల్ పెట్టించుకోండి.