క్వీన్ మేరీ షిప్‌లో పెళ్లి ఫోటోలకి ఏ స్పాట్లు బాగుంటాయి? నా అనుభవం

మీ చెల్లి రిసెప్షన్ కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌లో ఒడ్డున నిలిపి ఉంచిన పాత ప్రయాణికుల ఓడ క్వీన్ మేరీ మీద అని, ఫోటోలకి గంటన్నరే టైమ్ ఉంది ఎక్కడెక్కడ తీయించుకోవాలో తెలీట్లేదని అడిగారు కదండీ. మా పెళ్లి రాజమండ్రిలో అయింది, ఇక్కడి ఫ్రెండ్స్ కోసం రిసెప్షన్ ఆ షిప్‌లోనే పెట్టుకున్నాం, అందుకే మా దగ్గర జరిగిన తప్పులతో సహా చెప్తాను.

గంటన్నరలో షిప్ అంతా తిరిగేద్దామని మాత్రం అనుకోకండి. పొడవే 1,019 అడుగులు, ఒక డెక్ (ఓడలో అంతస్తు) నుంచి ఇంకో డెక్‌కి మెట్లు, పట్టుచీర, నగలు, వెనకాల మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్యగారు. మేము తొమ్మిది స్పాట్లు రాసుకుని వెళ్తే నాలుగే అయ్యాయి, అందులో రెండు పరిగెత్తుకుంటూ వెళ్లి తీయించుకున్నవే, మొహాల మీద చెమట కనిపిస్తూనే ఉంటుంది. షిప్ మీద మూడు చోట్లు అనుకోండి, చాలు.

మొదటిది ప్రొమెనేడ్ డెక్, ఇది అస్సలు వదలొద్దు. పొడుగాటి నడవా, పక్కన వరసగా పెద్ద కిటికీలు, కింద చెక్క నేల. వెలుతురు ఒక పక్క నుంచి మెత్తగా పడుతుంది, జరీ మెరుస్తుంది గానీ కళ్లు చికిలించాల్సిన పని ఉండదు, అద్దాలు ఉన్నాయి కాబట్టి గాలికి జడ, పూలు చెదరవు. పెద్దవాళ్లతో గ్రూప్ ఫోటోలన్నీ అక్కడే కానిచ్చేయండి, వాళ్లని మళ్లీ మెట్లెక్కించొద్దు.

రెండోది గ్రాండ్ సెలూన్. అప్పట్లో ఫస్ట్ క్లాస్ వాళ్ల భోజనాల హాలు, మూడు డెక్‌ల ఎత్తు ఉంటుంది. ఒక గోడ మీద అట్లాంటిక్ మ్యాప్ పెద్ద పెయింటింగ్, మ్యాక్‌డొనాల్డ్ గిల్ అనే చిత్రకారుడు వేసింది, ఒక అంచున ఇంగ్లండ్, ఇంకో అంచున న్యూయార్క్. షిప్ తిరిగే రోజుల్లో చిన్న క్రిస్టల్ ఓడ బొమ్మ ఆ మ్యాప్ మీద కదులుతూ ఇవాళ ఎక్కడిదాకా వచ్చామో చూపించేదట. ఇద్దరినీ దాని ముందు దూరంగా నిలబెట్టి, గోడంతా పడేలా తీయించండి. కాకపోతే ఆ హాల్లో వేరే ఫంక్షన్ ఉంటే లోపలికి వెళ్లడం కుదరదు, ఆ రోజు బుకింగ్ ఏముందో షిప్ వాళ్లని ముందే అడిగి ఉంచుకోండి.

లోపలి ఫోటోల్లోనే మేము దెబ్బతిన్నాం. ఈ షిప్ మొదటి ప్రయాణం 1936లో, లోపలంతా ఆర్ట్ డెకో (ఆ రోజుల్లో ఫ్యాషన్ అయిన అలంకరణ పద్ధతి), గోడలకి రకరకాల దేశాల కలప, అందమైన కలపల ఓడ అని పేరే ఉండేది. కంటికి ఎంత బాగుంటుందో కెమెరాకి అంత కష్టం. మా ఫోటోగ్రాఫర్ ముందు వచ్చి చూసుకోలేదు, ఫ్లాష్ నేరుగా కొట్టేశాడు, పాలిష్ చెక్క మీద తెల్లటి మచ్చలు పడ్డాయి, పసుపు లైట్లకి నా ఎర్ర కంచిపట్టు కాస్తా నారింజ రంగులోకి తిరిగింది, ఎడిటింగ్‌లో ఎంత సరిచేసినా పూర్తిగా రాలేదు. అమ్మ ఏరి కొన్న చీర అది, ఇప్పటికీ బాధేస్తుంది. మీ ఫోటోగ్రాఫర్‌ని వారం ముందు అదే టైమ్‌కి ఒకసారి షిప్ మీదకి తీసుకెళ్లండి. లోపలికి చిలకాకుపచ్చ, నెమలికంఠం రంగు చీరలైతే ఆ చెక్క ముందు బాగా కనిపిస్తాయి.

మూడోది పైన సన్ డెక్, రెయిలింగ్ దగ్గర. ఎర్రటి పొగగొట్టాలు అక్కడే కనిపిస్తాయి. ఈ చోటంటే నాకెందుకంత ఇష్టమో చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ షిప్‌కి బూడిదరంగు వేసి సైనికుల్ని మోశారు, 1943 జులైలో ఒక్క ట్రిప్పులోనే ఓడ సిబ్బందితో కలిపి 16,683 మంది. యుద్ధం అయ్యాక 1946లో, అమెరికా కెనడా సైనికుల్ని పెళ్లి చేసుకున్న అమ్మాయిల్ని, చంకలో పిల్లల్తో సహా వేలమందిని సముద్రం దాటించింది కూడా ఇదే. నేను ఫ్లైట్‌లో వచ్చాను, వాళ్లు ఈ రెయిలింగ్ పట్టుకుని వచ్చారు, అంతే తేడా. ఆ రెయిలింగ్ మీద చెయ్యి వేసి నేనొక్కదాన్నే తీయించుకున్న ఫోటో ఉంది, మా ఇంటి హాల్లో పెట్టుకున్నది అదొక్కటే. మీ చెల్లిని కూడా అక్కడ రెండు నిమిషాలు ఒంటరిగా నిలబడనివ్వండి. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి గట్టిగా వీస్తుంది, పైట భుజం దగ్గరే కాదు నడుం దగ్గర కూడా పిన్ను పెట్టండి.

ఇక షిప్ మొత్తం ఒక్క ఫోటోలో కావాలంటే పక్కన నిలబడితే రాదు. నీళ్లకి అవతల షోర్‌లైన్ పార్క్‌లో లైట్‌హౌస్ ఉంది, అక్కడి నుంచి మూడు పొగగొట్టాలతో సహా మొత్తం కనిపిస్తుంది. కానీ అది రిసెప్షన్ రోజు పెట్టుకోకండి, కార్లో చుట్టూ తిరిగి వెళ్లాలి, ఉన్న గంటన్నర దానికే అయిపోతుంది. మేము మర్నాడు సాయంత్రం మామూలు కాటన్ చీరలో వెళ్లాం, ఇద్దరమే, పొద్దు వాలుతుండగా. చెల్లి చీర రంగు, మీ టైమ్ ఎన్నింటికో చెప్తే ఏ చోటు ముందు పెట్టుకోవాలో చెప్తాను.